వైకుంఠరావు తోటలో ఏరియల్

ఆ ఆదివారం పొద్దున్న కూర్మనాథం మేస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. బడి పెంకుల మీద పడి ఉన్న రేడియో ఏరియల్ తీగను విప్పించి, బడి వెనక కొబ్బరితోటలో రెండు పొడుగాటి చెట్ల మధ్య కట్టించడం. ఎండ ముదరక ముందే అది ముగించుకుని, ఇంటికి పోయి చద్దన్నం తినాలనుకున్నాడు. చద్దన్నం తిన్న మాట నిజమే. బుధవారం నాడు ఆయన తిన్నవి మాత్రం చీవాట్లే.

మా ఊరు పలాసకూ సముద్రానికీ నడుమ, ఉద్దానంలో ఉంది. సర్కారు వారు మా పంచాయతీకి ఒక రేడియో ఇచ్చారు. బ్యాటరీ పెట్టెతో నడిచే ఆ సెట్టును బడిలో బల్ల మీద పెట్టి, తాళంచెవి మేస్టారికి అప్పగించాం. చదువుకున్న మనిషి గనక రేడియో సంగతి తెలిసే ఉంటుందని మా నమ్మకం. తెలియదంటే చదువు మీద అనుమానం వస్తుందని ఆయన భయం. అలా ఇరుపక్షాల మర్యాదా నిలబడింది.

చిక్కల్లా ఒకటే. కటకం స్టేషను గంట కొట్టినట్టు వినిపించేది. బెజవాడ స్టేషను మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించేది. మాకు ఒరియా సగం వచ్చు. ఆ సగం విని, మిగతా సగం మేమే కల్పించుకుని, వ్యవసాయం కబుర్లు రోజూ శ్రద్ధగా ఆలకించేవాళ్ళం. వరికి వేయమన్న ఎరువు జీడిమామిడికి వేసి, కటకం వాళ్ళని తిట్టిన వాళ్ళూ మాలో ఉన్నారు.

ఇలాంటి సమయంలో మేస్టారి భార్య సీతాదేవికి బెజవాడ రేడియోలో పాడే అవకాశం వచ్చింది. ఆమె అన్నగారు ఆ ఊళ్ళో గుమాస్తా. చిన్నప్పుడు చెల్లెలు పాడిన పాటలు ఆయనకు గుర్తున్నాయి. ఎవరితోనో మాట్లాడి, బుధవారం మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమంలో ఒక పాటకు ఏర్పాటు చేశాడు. కబురు రాగానే మేస్టారి తల్లి ధనమ్మ వాకిట్లో చీపురు పడేసి కూర్చుంది.

"మనింట్లో ఎవరైనా గొంతెత్తి పాడినారేట్రా ఎప్పుడైనా? ఇప్పుడు కోడలు లోకమంతా ఇనేలాగ పాడాలా?"

"లోకమంతా కాదమ్మా. బెజవాడ చుట్టుపక్కల."

"మరి మనకి ఇనపడదా?"

మేస్టారు అక్కడ ఆగి ఉంటే బాగుండేది. "ఎందుకు వినపడదు? ప్రతి ముక్కా వినపడుతుంది. రేడియో నా చేతిలో ఉంది," అన్నాడు.

"అయితే ఎల్లనీ. నా సెవులతో నాను ఇంటాను. ఇన్నాక సెప్తాను, మళ్ళీ ఎల్లాలో ఒద్దో. ఇనపడకపోతే మటుకు అదే మొదలూ, అదే ఆఖరూ."

సీతాదేవి పలాసలో రైలెక్కుతూ భర్తతో ఒకే మాట అంది. "ఆ రేడియో సంగతి చూడండి." ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

రైలు పోగానే పలాస బజారులో రేడియోలు బాగుచేసే మనిషి దగ్గరికి వెళ్ళాడు. ఆయన సంగతంతా విని, "పెంకుల మీద పడేత్తే మీకు కటకమే గొప్ప. తీగ ఎంత ఎత్తునుంటే అంత దూరం అందుతాది. రెండు కొబ్బరి సెట్ల మజ్జిన పొడుగ్గా లాగండి. సెట్టుకి మాత్రం తగలనీకండి, సివర్ల తాడు కట్టండి," అని పాత తీగకు అతకడానికి ఒక చుట్ట రాగితీగ ఇచ్చాడు.

బడి వెనక తోట వైకుంఠరావుది. నిజానికి అది ఆయన తండ్రిది. తండ్రి పోయాక ఆయన చూసుకుంటున్నాడు. తమ్ముడు వరహాలు అదే తోటలో రెండో కొసన ఇల్లు కట్టుకుని ఉన్నాడు. చెల్లెలు అసిరమ్మను నందిగాం ఇచ్చారు. పంపకాల మాట ముగ్గురి మనసుల్లోనూ ఉంది, ఒక్కరి నోటా లేదు. మేస్టారు అడగడానికి వెళ్ళేసరికి వైకుంఠరావు టెక్కలిలో వియ్యంకుడింటికి బండి కట్టించుకుంటున్నాడు.

"రెండు సెట్లకి తీగ కడితే నాకేటి నట్టం మేస్టారూ? కట్టీండి. కాయలు మటుకు రాల్చకండి. బుధవారానికల్లా వచ్చేత్తాను," అని బండెక్కాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పేటంత సంగతి అని ఆయనకీ తోచలేదు.

ఇక్కడ మా ఉద్దానం మనుషుల పద్ధతి ఒకటి చెప్పాలి. అన్నదమ్ములు తోట పంచుకునేటప్పుడు మేము గట్లు వేయం, రాళ్ళు పాతం. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు తాడు లాగి కడతాం. తాడుకు ఈ పక్కన ఒకరిది, ఆ పక్కన ఒకరిది. చెట్లెక్కేవాడు పైన, చదువుకున్నవాడొకడు కింద, చేతిలో కాగితం. తాడు ముడిపడిందంటే పంపకం అయిపోయినట్టే. ఈ ఊళ్ళో పుట్టిన పసివాడికి కూడా తెలిసిన సంగతి ఇది. మేస్టారు ఈ ఊళ్ళోనే పుట్టాడు. కానీ ఆ పొద్దున్న ఆయన తలలో బెజవాడ తప్ప ఇంకేమీ లేదు.

చెట్లెక్కేవాడు పైన తాడు ముడేస్తున్నాడు. మేస్టారు కింద నిలబడి, మెకానిక్కు చెప్పిన కొలతలు రాసుకున్న కాగితం చూస్తూ, "ఇంకొంచెం బావి వైపు లాగు" అంటున్నాడు. అప్పుడు వరహాలు భార్య సన్యాసమ్మ నీళ్ళకని బావి దగ్గరికి వచ్చి, కడవ చంకలో ఉండగానే కొయ్యబారిపోయింది.

"మేస్టారూ, ఏటి సేత్తన్నారు?"

"చూస్తున్నావుగా తల్లీ, కట్టిస్తున్నాను. వైకుంఠరావుగారే కట్టమన్నారు."

"మాతో ఒక్క మాటైనా సెప్పకుండానా?"

రేడియో వినడానికి పిలవలేదని నొచ్చుకుంటోందని మేస్టారు అనుకున్నాడు. "అయ్యో, మీకు చెప్పకుండా ఎలా? బుధవారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ వచ్చేయండి. ఊరంతా వస్తారు," అన్నాడు.

"మరి బావి అటుపక్కకి ఉండిపోనాది గదా?"

"అటే ఉండాలమ్మా. ఇటు ఉంటే లాభం లేదు."

సన్యాసమ్మ నీళ్ళు ముంచుకోకుండానే వెనక్కి నడిచింది. ఆమె ఇల్లు చేరేలోగా తోట పంచేశారన్న వార్త ఊరు చివర దాకా పోయింది. మాకు బెజవాడ అందకపోవచ్చు గానీ, ఇలాంటివి అందడంలో లోటు లేదు.

సోమవారం పొద్దున్న మేస్టారు వచ్చి చూస్తే తీగ ఒక కొస వేరే చెట్టు మీద ఉంది. బావి వరహాలు వైపుకు వచ్చింది. గాలికి జరిగిందనుకున్నాడు. గాలి ముడి విప్పి, ఇంకో చెట్టెక్కి, మళ్ళీ ముడి వేస్తుందా అని ఆయన ఆలోచించలేదు. మళ్ళీ పాత చోట కట్టించాడు. ఊరంతా తెలిశాక ఆఖర్న, మంగళవారం, వైకుంఠరావు భార్యకు సంగతి తెలిసింది. భర్త తనకైనా చెప్పకుండా పంచేశాడని ఆమెకు మండింది. ఎలాగూ పంచుతున్నారు గదా అని, పాలేరును పిలిచి, పనస చెట్టు కూడా తమ వైపు పడేలా తీగ జరిపించింది. మేస్టారు రేడియో తిప్పి చూస్తే కటకం ఇంకా బాగా వస్తోంది. నీరసంగా తీగ వైపు చూసి, "సముద్రపు గాలి మహా చెడ్డది," అన్నాడు.

బుధవారం నాటికి నందిగాం నుంచి అసిరమ్మ బండి దిగింది. వెంట మొగుడు. బండిలో కొబ్బరితాడు చుట్ట. "నాన్న పోయేముందు పసుపు కుంకాలకని సెట్లు ఇత్తానన్నాడు. నన్ను పిలవకుండా తాడు కట్టీసుకుంటార్రా?" అని, ఇంటి గుమ్మమైనా ఎక్కకుండా నేరుగా తోటలోకి పోయి, తన తాడు తను అడ్డంగా కట్టించుకుంది. భావనపాడు నుంచి వాళ్ళ మేనమామ వచ్చాడు. పెద్దమనుషులు వచ్చారు. మిగిలిన ఊరు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చింది. ఆ వచ్చిన వాళ్ళలో మేమూ ఉన్నాం.

ఇంతమందిని చూసి మేస్టారు పొంగిపోయాడు. పాట వినడానికి వచ్చారనుకున్నాడు. తల్లిని పీట మీద రేడియో ముందు కూర్చోబెట్టి, కిటికీ తలుపులన్నీ తీశాడు.

సరిగ్గా అప్పుడు టెక్కలి నుంచి వైకుంఠరావు బండి వచ్చింది.

"ఏటిది? నా తోట్లో ఈ తిరణాలేటి?"

"నీ తోటా?" అన్నాడు వరహాలు. "సాటుగా తాడు కట్టీసి, బావి నీ పక్కకి లాక్కుని, ఎల్లి టెక్కలిలో కూకుంటావా అన్నియ్యా?"

"నానేటి కట్టినాను? ఎవడు పంచినాడు?"

"మేస్టారే పంచినారు. కాయితం కూడా రాసినారు," అంది సన్యాసమ్మ.

ఊరంతా బడిలోకి తిరిగింది. మేస్టారు రేడియో చెవి మెలిపెడుతూ, నవ్వుమొహంతో, "రండి రండి, వేళయింది," అన్నాడు.

మేస్టారి కాగితం లాక్కుని చదివారు. దాని మీద తీగ పొడుగూ, తాడు చెట్టుకు ఎంత ఎడంగా ఉండాలీ అన్నవి తప్ప ఏమీ లేవు. అందరికీ నిజం తెలిసింది. ఆ తరవాత ముందుకన్నా ఎక్కువ అరిచారు. పంపకం జరిగిందని కొట్టుకుంటే పరువుంది. రేడియో తీగ కోసం చుట్టాల్ని పిలిపించుకుని కొట్టుకున్నామంటే ఏముంది?

"పీకీండి దాన్ని!" అని వరహాలు వెళ్ళి, వేలాడుతున్న తీగను పట్టుకుని గుంజాడు. వదలమని వైకుంఠరావు అతని చెయ్యి పట్టుకున్నాడు. అన్న చెయ్యి విడిపించబోయి అసిరమ్మ కూడా తీగ పట్టుకుంది.

అంతవరకూ చిటపటలాడుతున్న రేడియో ఒక్కసారిగా శుభ్రపడింది. అందులోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"వదలకండి!" అని మేస్టారు కిటికీలోంచి కేక పెట్టాడు. "మీకు దణ్ణం పెడతాను, వదలకండి!"

వరహాలు భయపడి వదిలేశాడు. ఆవాలు చిటపటలాడాయి. పట్టుకున్నాడు. గొంతు వచ్చింది. మేనమామ అది చూసి, "ఒరే, కదలకండి. అలాగే నిలబడండి ముగ్గురూ," అన్నాడు. పెద్దవాడి మాట. ముగ్గురూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, తీగ పట్టుకుని, రాళ్ళలా నిలబడ్డారు. పాడేది ఎవరో చెప్పిన మాటలు మాత్రం అప్పటికే ఆ అరుపుల్లో కొట్టుకుపోయాయి.

అది పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు తల్లి పాడే పాట. తొందరలేని గొంతు. ఎక్కడా గొప్పకు పోలేదు. నందిగాం అసిరమ్మ కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. తోట మధ్య నిలబడి మేమంతా విన్నాం. ఎవడూ దగ్గలేదు. లోపల ధనమ్మ పీట మీద ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

పాట అయింది. అసిరమ్మ కళ్ళు తుడుచుకోవడానికి తీగ వదిలేసింది. తరవాత చెప్పిందేదీ వినపడలేదు. వైకుంఠరావు గొంతు సవరించుకుని, "ఎలాగూ అందరం వచ్చేసినాం. తాళ్ళు కూడా కట్టీసి ఉన్నాయి. ఇప్పి ఏటి సేత్తాం? మావా, నువ్వే కూకుని పంచీ," అన్నాడు. అలా ఏరియల్ ఉన్న చోటే ఉంది. బావి ముగ్గురిదీ అయింది.

బడిలో ధనమ్మ కొడుకును అడిగింది. "మరి మన సీత ఎప్పుడు పాడతాది?"

"ఇదేనమ్మా. ఇప్పుడు పాడింది సీతే."

"నోర్ముయ్యి. ఎవరో మారాజుల బిడ్డ పాడింది. అలాంటి గొంతున్న మనిషి ఆరేళ్ళు నా ఇంట్లో ఉంటే నాకు తెలీదా?"

"సీత గొంతే అమ్మా అది."

"నువ్వెప్పుడిన్నావురా దాని పాట?"

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాడు సీతాదేవి బియ్యం చెరుగుతూ కూనిరాగం తీస్తే, ఆ రాగాలేటని తల్లి అడగడం మేస్టారికి గుర్తొచ్చింది. తను పుస్తకంలోంచి తలెత్తకపోవడం కూడా గుర్తొచ్చింది. ఆ తరవాత వినడానికి ఏమీ లేదు. నిజం చెప్పాలంటే, ఆ గొంతు సీతదేనని ఆయన గట్టిగా ఒట్టు వేయలేడు.

శనివారం సీతాదేవి రైలు దిగి ఇంటికి వచ్చింది. కాళ్ళు కడుక్కోగానే ధనమ్మ ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నీ పాట మాకు ఇనపడలేదే. నీ మొగుడు తోటలు పంచడంలో పడ్డాడు. కానీ అదేరోజు ఒకావిడ పాడింది. ఏం గొంతే అది! ఒళ్ళు ఝల్లుమంది."

"ఏం పాట అత్తయ్యా?"

ధనమ్మ రెండు ముక్కలు అని చూపించింది. సీతాదేవి భర్త వైపు చూసింది. మేస్టారు దూలాల వైపు చూశాడు.

"నువ్వు పాడాలంటే ఆవిడలాగ పాడాలి. లేకపోతే ఒద్దు," అంది ధనమ్మ. "వచ్చేనెల మళ్ళీ బెజవాడ ఎల్లు. నాను ఒద్దనను. ఎల్లి, ఆవిడ ఎవరో కనుక్కుని, ఆవిడ దగ్గర నేర్చుకునిరా."

"ఆవిడ ఒప్పుకోవాలి కదా అత్తయ్యా," అంది సీతాదేవి.

ఆవిడ ఒప్పుకుంది.