రూబీ బూట్ల దాతలు

2007 నవంబరు 11, ఆదివారం. మధ్యాహ్నం చింతకాయలు వేసి వండిన కొరమేను పులుసుతో అన్నం తిన్నాను. పులుసు నేను వండింది కాదు. ఎదురింటి సీతారత్నం గారు ఆదివారాల్లో ఒక గిన్నె పంపిస్తుంటారు. నా భార్య ఉన్న రోజుల్లో పంపేవారు కాదు, అవసరం లేదని ఆవిడకు తెలుసు. ఇప్పుడు ఎంత పంపితే ఒక్క మనిషికి సరిపోతుందో కూడా తెలుసు. ఇలాంటి సంగతులు లోకంలో చాలానే జరుగుతుంటాయి గానీ పేపర్లో వేయరు.

పేపర్లో వేయదగ్గ సంగతి ఆ సాయంత్రమే జరిగింది. పెదపాడు దగ్గర మా ఊరి బాల్ బ్యాడ్మింటన్ క్లబ్బు కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై, క్రీడాకారిణి కుమారి రూబీకి తేలికపాటి బూట్లు ఒక జత కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. జత అన్న మాట మీద కొంత చర్చ జరిగింది. ఆమెకు రెండు కాళ్ళూ ఉన్నట్టు స్కూలు పి.ఇ.టి. మాస్టారు ఆనంద్ పాల్ ధ్రువీకరించాక తీర్మానం నెగ్గింది. కార్యదర్శిగా ఆ తీర్మానాన్ని మంచి దస్తూరీతో రాసింది నేనే.

రూబీ ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే పేతురు కూతురు. నెట్టు దగ్గర ముందు వరుసలో ఆడుతుంది. పసుపుపచ్చ ఉన్నిబంతి తన దగ్గరికి వచ్చేదాకా ఆగదు, తనే ఎదురెళ్ళి కొడుతుంది. ఆడపిల్లకు అంత తొందర పనికిరాదని మా క్లబ్బు పెద్దలు చెప్పి చూశారు. చెప్పడం పూర్తయ్యేలోపు పాయింటు అయిపోయేది. అప్పటిదాకా ఆ పిల్ల మా మట్టి కోర్టులో ఒట్టి కాళ్ళతోనే ఆడింది. డిసెంబరులో తాడేపల్లిగూడెంలో జరిగే టోర్నమెంటు మాత్రం సిమెంటు కోర్టు మీద. బూట్లు లేనివాళ్ళను దిగనివ్వరు. పైగా రైల్వే టీముకు ఆడపిల్లల్ని ఎంచుకోవడానికి కోచ్ ఒకావిడ వస్తున్నారు. ఆవిడ కంట్లో పడితే ఉద్యోగం. పడకపోతే జంగారెడ్డిగూడెంలో మేనత్త ఎలిజబెత్ ఒక బట్టల కొట్లో పని చూసిపెట్టింది, క్రిస్మస్ వెళ్ళగానే చేరాలి. ఆట ఇక అంతే.

"అదీ రోజంతా కాళ్ళ మీద ఉండే పనేగా పేతురూ, అలవాటు తప్పదు" అని ప్రెసిడెంటు జోగారావు గారు ముందుగానే ఓదార్చారు.

బూట్ల ఎంపిక సంఘంలో ఐదుగురం. ఆట తెలిసినవాళ్ళుంటే నిష్పాక్షికత దెబ్బతింటుందని ఆనంద్ పాల్‌ను అందులో వేయలేదు. జోగారావు గారి కారులో ఏలూరు బయల్దేరాం. కారులో ఖాళీ లేక, బూట్లు వేసుకోవలసిన మనిషి మాస్టారితో కలిసి బస్సులో వచ్చింది. జోగారావు గారిని గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు కొల్లేట్లో చేపల చెరువులున్నాయి. సర్వేవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం ఉండవు. అంతటి సమర్థులు.

పవర్‌పేటలో కొట్టు యజమాని వీరాస్వామి ఎలాంటివి కావాలండీ అని అడగ్గానే ఐదుగురం ఒక్కసారే చెప్పాం. మట్టి కనబడని రంగని ఒకరు, పెళ్ళిళ్ళకు కూడా పనికొచ్చేవని ఒకరు. రైసుమిల్లు వెంకటనరసమ్మ గారు మహిళా ప్రతినిధి హోదాలో, కాస్త పెద్దవి తీసుకుంటే కాలు ఎదిగాక కూడా సరిపోతాయన్నారు. వీరాస్వామి అంతా ఓపిగ్గా విని, గుమ్మం దగ్గర నిలబడ్డ రూబీని పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టి, పాదం కొలిచాడు. కొలిచే ముందు తన అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. నాకది బాగా గుర్తుండిపోయింది.

"నీకెలా ఉండాలో నువ్వు చెప్పమ్మా."

"తేలిగ్గా ఉండాలండీ. ఒక్క అంగలో ముందుకు పడతాను గదండీ, అప్పుడు లోపల మడమ కదలకూడదండీ. అడుగు మరీ మందంగా ఉంటే కాలికి నేల తెలీదండీ. వెనక కాలు ఈడుస్తాను, బొటనవేలి దగ్గర గట్టిగా ఉండాలి. పక్కకి తిరిగినప్పుడు జారకుండా ఉంటే చాలండీ."

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వేసుకోబోయే మనిషికి కూడా అభిప్రాయాలుంటాయని సంఘం ఊహించలేదు.

వీరాస్వామి లోపలి నుంచి తెల్లటి జత ఒకటి తెచ్చాడు. జోగారావు గారు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, సంతలో కోడిని చూసినట్టు రెండుసార్లు ఎగరేసి చూశారు.

"ఏవయ్యా, ఇందులో సరుకేమీ లేనట్టుందే?"

"అదేనండీ దీని గొప్ప."

"బాగానే ఉంది. నలుగురిలో స్టేజి మీద ఇచ్చే వస్తువు. పుచ్చుకున్న చెయ్యి కాస్త కిందకి దిగాలా వద్దా? ఇది ఇస్తే ఖాళీ పెట్టె ఇచ్చారంటారు."

ఇదీ మా అసలు ఇబ్బంది. మా వైపు బహుమతి ఏదైనా బరువుతోనే గౌరవం. అందుకని ఆయన నల్లటి జత ఒకటి తీయించారు. ఆయన చెరువుగట్ల మీద కాపలావాళ్ళు అలాంటివి వేసుకునే తిరుగుతారట, ఇంతవరకు ఒక్కడూ జారిపడలేదట. రూబీ అవి తొడుక్కుని ఒక్క అంగ వేసింది. స్టూలు పడింది. తర్వాత తెల్లవి తొడుక్కుని వీధిలోకి వెళ్ళి వచ్చింది. ఎప్పుడు వెళ్ళిందని వెంకటనరసమ్మ గారు అడిగేసరికి వచ్చి మా వెనక నిలబడి ఉంది. అయినా సంఘం చలించలేదు. చివరికి తెల్లవాటి ధరే ఎక్కువని తెలిశాక జోగారావు గారికి వాటి మీద గౌరవం కలిగింది. ఎంపిక అక్కడితో పూర్తయింది.

ఇక్కడితో ఆగే క్లబ్బు అయితే మా క్లబ్బును గురించి రాయవలసిన పనే లేదు.

ఇచ్చినవారి పేరు లేకుండా ఏ వస్తువూ మా ఊళ్ళో బతకదు. చర్చి బెంచీలకు పేర్లున్నాయి, రామాలయం గంటకు పేరుంది, బస్సు షెల్టరుకైతే బస్సు వివరాలకు చోటు లేనంతగా ఉన్నాయి. మా గ్రంథాలయంలో ట్యూబులైటు మీద దాత పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం రాశాక మిగిలిన సందులోంచి వెలుతురు వస్తుంది. ఆ సందు కింద కుర్చీ వేసుకుని చదువుకుంటాం. ఎవరికీ కళ్ళజోడు మారలేదు, దేవుడి దయ.

బూట్లకు దాతలు నలుగురు. అడుగుభాగం జోగారావు గారిది, పైభాగం రైసుమిల్లు వారిది, మడమ మెత్తలు ఇటుకల బట్టీ వరదానం గారివి, లేసులు రిటైర్డు హెడ్మాస్టరు రాజరత్నం గారివి. సిరాతో రాస్తే చెరిగిపోతుందని, స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు కొట్టే మిషనుతో రేకుల మీద పేర్లు కొట్టించాం. కుడికాలి మీద ఎవరు, ఎడమకాలి మీద ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. ఎడమకాలికి ఒప్పుకునేవారు లేక, నలుగురి పేర్లూ రెండు కాళ్ళకూ వేయించాం. జోగారావు గారి రేకు మీద ఆయన నిర్వహించిన పదవులు కూడా పడ్డాయి. వెంకటనరసమ్మ గారు తన భర్త జ్ఞాపకార్థం కాబట్టి ఆయన పుట్టిన తేదీ, పోయిన తేదీ, మధ్యలో ఒక దీపం వేయించారు. లేసులకు చోటు లేదంటే రాజరత్నం గారు రేకును లాకెట్టులా వేలాడదీయించారు. వలలు అల్లే నైలాను దారంతో అన్నిటినీ గట్టిగా కుట్టించాం. మేజోళ్ళు నేనిచ్చాను. నా పేరు వద్దన్నాను. రెండోసారి అడిగితే పెద్దమనుషుల మాట కాదనలేకపోయాను.

సమర్పణోత్సవంలో జోగారావు గారు ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! తేలికదనం అంటే ఏమిటి? బరువు మోసినవాడికే దాని విలువ తెలుస్తుంది. ఈ ఊరి బరువంతా మోస్తున్న మేము, ఈ చిన్నారికి తేలికదనాన్ని కానుకగా ఇస్తున్నాం!" అంటూ పెట్టె అందించారు. పుచ్చుకున్న చెయ్యి కిందకి దిగింది. సభ సంతోషించింది.

రూబీ ఆ బూట్లతో నడుస్తుంటే పక్కింటి వంటింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టుండేది. ఆనంద్ పాల్ నాలుగు రోజులు చూసి, ప్రెసిడెంటు గారి దగ్గరికి వచ్చాడు.

"ఏవండీ, ఆట వరకు ఆ రేకులు తీసేసి, అయ్యాక మళ్ళీ కుట్టిద్దామండీ."

"తీస్తే దాతల మనసు నొచ్చుకోదుటండీ మాస్టారూ?"

"మీరూ దాతేగదండీ."

"నాదే ముందు నొచ్చుకుంటుంది."

తాడేపల్లిగూడెంలో మొదటి గేమ్ మేం ఓడిపోయాం. రూబీ బంతికి ఎదురెళ్ళే లోపు బంతే వచ్చి పోయేది. రైల్వే కోచ్ గారు కాసేపు చూసి, పక్క కోర్టు వైపు కుర్చీ తిప్పుకున్నారు. కంచె దగ్గర పేతురు తువ్వాలు భుజం మార్చుకున్నాడు, మళ్ళీ మార్చుకున్నాడు. తల్లి పెర్సిస్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. దాతలు మాత్రం తృప్తిగా ఉన్నారు. రూబీ నెమ్మదిగా కదలడం వల్ల పేర్లు చక్కగా కనబడుతున్నాయి.

విరామంలో రూబీ నీళ్ళు తాగి, తిన్నగా మా వరుస దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ప్రెసిడెంటు గారండీ, ఒక మనవండీ. గ్యాలరీలో వాళ్ళకి మీ పేరు సగమే కనబడుతోందంటండీ. నా కాళ్ళు అడ్డమండీ. పదవులు అసలు చదవలేకపోతున్నారంట."

జోగారావు గారు కంగారుపడ్డారు. "మరెలాగమ్మాయ్?"

"తీసి, అదిగో ఆ కప్పుల పక్కన బల్ల మీద వరుసగా పెడితే అందరూ తీరిగ్గా చదువుకుంటారండీ. నా కాలి దగ్గర ఉండటం మీ హోదాకి బాగుండదు కూడానండీ."

ఈ చివరి మాట ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించిన కత్తెర తెప్పించి, ప్రెసిడెంటు గారే మోకాళ్ళ మీద కూర్చుని దారాలు కోశారు. చేప తెంచలేని దారం అది, చాలా శ్రమపడ్డారు. వెంకటనరసమ్మ గారు బల్ల మీద పరచడానికి తన పట్టుశాలువా ఇచ్చారు.

రెండో గేమ్ మొదలైంది. అదే సమయానికి బల్ల దగ్గర, ఎవరి రేకు ముందుండాలన్న సమస్య కూడా మొదలైంది. అక్షరక్రమంలో పెడదామంటే వరదానం గారు ఒప్పుకోలేదు. వయసు ప్రకారమంటే వెంకటనరసమ్మ గారు ఒప్పుకోలేదు. "పోయినవారికి ముందు స్థానం ఇవ్వాలండీ" అని ఆవిడ, "అలాగైతే మేమెప్పుడు ముందుకు వచ్చేదండీ?" అని రాజరత్నం గారు. నలుగురూ కోర్టుకు వీపు పెట్టి, రేకులు జరుపుతూ నిలబడ్డారు. చర్చను నమోదు చేయమని నన్ను కూడా అటు తిప్పి కూర్చోబెట్టారు. పెన్ను కింద పడ్డప్పుడల్లా వంగి, కోర్టు వైపు కాస్త చూసేవాణ్ణి. ఆ రోజు నా పెన్ను చాలాసార్లు పడింది.

నేను చూసినంతలో, రూబీ నేల మీద ఉన్నది తక్కువ. బంతి నెట్టు దాటాలా వద్దా అని ఆలోచించుకునేలోపు అవతలి వాళ్ళ కాళ్ళ దగ్గర పడి ఉండేది. కోచ్ గారి కుర్చీ మళ్ళీ ఇటు తిరిగింది. కాసేపటికి ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జనం చప్పట్లు కొడుతుంటే, రేకుల వరుస కుదిరినందుకే అనుకుని జోగారావు గారు వెనక్కి తిరిగి నమస్కారం పెట్టారు. మూడో గేమ్ కూడా మేమే గెలిచామన్న సంగతి దాతలకు టీ ఇచ్చిన మనిషి చెప్పాడు. కోచ్ గారు కంచె దగ్గరికి వెళ్ళి, రూబీని రైల్వే టీముకు తీసుకుంటున్నామని, జనవరిలో చేరాలని పేతురుకు చెప్పారు. పేతురు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అంత చలిలో చెమట ఎందుకు పట్టిందో మేం అడగలేదు.

ఆ రాత్రి ఏడున్నరకు బ్యాండుమేళంతో పేతురు ఇంటికి ఊరేగింపుగా వెళ్ళాం, రూబీకి ఘనసన్మానం చేయడానికి. పేతురు గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించాడు.

"అమ్మాయి నిద్రపోయిందండీ. లేపమంటారా?"

"వద్దొద్దు, పడుకోనీ" అన్నారు జోగారావు గారు, ఎంతో పెద్దమనసుతో. "కార్యక్రమం మాత్రం ఆపకూడదు."

ఆగలేదు. జోగారావు గారికి వరదానం గారు శాలువా కప్పారు, వరదానం గారికి రాజరత్నం గారు, ఆయనకు వెంకటనరసమ్మ గారు. ఆవిడకు మరొక మహిళ దొరక్కపోతే ఆవిడే కప్పుకున్నారు. ఈ విజయం వెనక ఎవరెవరున్నారో జోగారావు గారు పేరుపేరునా చెప్పారు. రూబీ పేరు కూడా రెండుసార్లు వచ్చింది, ఒకసారి రోజీ అని. చివరికి నన్నూ పిలిచారు. వెచ్చని శాలువా, అబద్ధం చెప్పకూడదు, చలికి హాయిగా ఉంది. శాలువాలు ఇంకా మిగిలాయి. ఆ సమయానికి మీరు ఆ దారినే వెళుతూ ఉంటే మీకూ ఒకటి కప్పేవారు. మీరు మాత్రం ఎందుకని అడిగేవారా? మెడ కాస్త వంచేవారు.

పేతురు గుమ్మంలో నిలబడి అందరికీ చప్పట్లు కొట్టాడు. మా చప్పట్లు బాగా పెరిగేదాకా ఆగి, ఆ హోరులో గడియ చప్పుడు మాకు వినబడకుండా, నెమ్మదిగా తలుపు వేసుకున్నాడు.