ముక్కు దించని విమానాలు

మా వైమానిక శిక్షణ సంస్థ ఈ ఏడాది కూడా పరువు నిలబెట్టుకుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మూడు చిన్న విమానాలు నేలకూలిన మాట నిజమే. అయితే వాటిలో ఏ ఒక్కటీ తనంతట తాను ముక్కు దించలేదని దర్యాప్తు సంఘం ధ్రువీకరించింది.

తెలియనివారికి చిన్న వివరణ. విమానం ముక్కు మరీ పైకెత్తితే వేగం పడిపోయి, రెక్కలకు గాలి పట్టు తప్పుతుంది. దాన్నే స్టాల్ అంటారు. అప్పుడు స్టిక్, అంటే విమానం నడిపే కర్ర, ముందుకు నెట్టి ముక్కు దించితే వేగం పుంజుకుని బతికిపోవచ్చు. ఇంత నామోషీ పద్ధతి మా పాఠ్యపుస్తకంలో ఉండేది. ఎవరి ముందూ తల దించి ఎరుగని డైరెక్టరుగారు ఆ పేజీ చింపించారు. స్టాల్‌కు ముందు మోగే హారన్, అతిథులు వచ్చినప్పుడు అరిచి పరువు తీస్తోందని దాని వైర్లు పీకించారు.

"మనది దిగజారే సంస్థ కాదు! పైకి చూడండి! పైకే లాగండి!" అని వార్షిక సభలో ఆయన ఉపన్యసించారు. చప్పట్లకు షెడ్డు రేకులు అదిరాయి. పోయిన ముగ్గురి తండ్రులనూ ముందు వరుసలో కూర్చోబెట్టి గౌరవించాం. వాళ్ళు చప్పట్లు కొట్టలేదు. వినయం కాబోలనుకున్నాం.

ఆరోజే ఒక దర్జీ కూతురు మొదటిసారి ఒంటరిగా ఎగరాలి. విమానం తలుపు వేస్తూ ముసలి మెకానిక్ గుసగుసలాడాడట. "అమ్మా, స్టిక్ వదులైపోయి విమానం వణికిందనుకో, పరువూ గిరువూ చూడకు. ముక్కు దించెయ్."

మలుపులో ముక్కు లేచింది. డైరెక్టరుగారు రేడియోలో "లాగు, లాగు" అంటూనే ఉన్నారు. విమానం వణికింది, ఒక రెక్క వాలింది. ఆ పిల్ల, అంతమంది చూస్తుండగా, ముక్కు దించేసింది! చెట్ల మీదుగా జారి, వేగం అందుకుని, మళ్ళీ లేచి, రన్‌వే మీద మెత్తగా దిగింది. విమానానికి గీత కూడా పడలేదు.

క్రమశిక్షణ తప్పినందుకు ఆ పిల్ల పేరు జాబితాలోంచి కొట్టేశాం. తండ్రి మాత్రం "వచ్చేశావా నా తల్లీ" అని ఆమెను పట్టుకుని భోరుమన్నాడు. మర్యాద తెలియని మనిషి.

మర్నాడు ఊళ్ళో అందరూ వాళ్ళింటికి పరామర్శకు వెళ్ళారు. ఆమె తల్లి కుట్టుమిషను మీది బట్టలు పక్కకు నెట్టి, కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చింది.

"ప్రాణానిదేముంది వదినా, రేపు నలుగురిలో తలెత్తుకోవాలా వద్దా?" అని ఎవరో నిట్టూర్చారు.

ఆ గొంతు, ఇది చదువుతున్న మీ గొంతులాగే ఉంది.