దొరసాని వీపు మీది వైద్యం

మానవజాతి ఇంతవరకూ కనిపెట్టిన వాటిలో చక్రం, నిప్పు, కుట్టుమిషను గొప్పవని ఎవరైనా అంటే నేను వాదించను. కానీ వాటన్నిటినీ వెనక వరసలోకి పంపి, ముందు కుర్చీలో గుర్రాలకు కప్పే వైద్యపు రగ్గును కూర్చోబెట్టాలని మాత్రం సవినయంగా మనవి చేస్తున్నాను.

నవ్వకండి. నవ్వొచ్చిందంటే మీకింకా నడుం నొప్పి రాలేదన్నమాట.

ఈ రగ్గు సంగతి తెలియనివారికి చెబుతాను. దీని నేతలో ఏదో పింగాణీ పొడి కలుపుతారట. గుర్రం ఒంట్లోంచి బయటికి పోయే వేడిని అది పట్టుకుని తిరిగి గుర్రానికే ఇచ్చేస్తుందట. దాంతో రక్తం పరుగులు పెడుతుందనీ, కీళ్ళు వదులవుతాయనీ, నడుం నొప్పి మాయమవుతుందనీ అట్టపెట్టె మీద రాసి ఉంది. మన దగ్గర తీసుకున్నది మనకే తిరిగిచ్చే వస్తువు ఈ కాలంలో ఇంకొకటి ఉందా? మీరే చెప్పండి!

నాకు గుర్రాలతో ఏం పనంటారా? మా అక్కా బావా ఊరి చివర గుర్రపుస్వారీ నేర్పే స్కూలు నడుపుతున్నారు. బావ పాఠాలు చెబుతాడు. దాణా నానబెట్టడం, లద్దె ఎత్తడం, డెక్కలు గీకడం, ఫోన్లు ఎత్తడం లాంటి చిల్లర పనులన్నీ అక్కవి.

వాళ్ళకు మూడు గుర్రాలున్నాయి. అన్నిటికన్నా పెద్దది ఇరవై రెండేళ్ళ ఆడగుర్రం. దాని నడక చూసి అందరూ దాన్ని దొరసాని అంటారు. ఎవరెక్కినా కింద పడేయదు. ఆ మంచితనమే దాని కొంప ముంచింది. భయపడేవాళ్ళు, బరువైనవాళ్ళు, తొలిసారి వచ్చినవాళ్ళు, అందరూ దాని మీదే.

ఈ ఏడు దొరసాని మోకాళ్ళు వాచాయి. జీను కనబడితే చెవులు వెనక్కి మడిచేది. వీపు మీద చెయ్యి వేస్తే చర్మం వణికేది. పశువుల డాక్టరమ్మ వచ్చి, ముందుకాళ్ళు మడిచి చూసి, వెన్ను పొడుగునా వేళ్ళతో నొక్కి, కీళ్ళవాతమూ నడుం నొప్పీ రెండూ ఉన్నాయని తేల్చింది. నొప్పికి మందు రాసింది. జీను సరిపోవడం లేదు, మార్చమంది. రోజూ మెల్లగా నడిపించమంది. అన్నిటికన్నా ముందు దాని మీద ఎవరూ ఎక్కకూడదంది. ఎన్నాళ్ళని బావ అడిగితే, ఇక ఎప్పటికీ ఎక్కకపోతేనే మంచిదని చెప్పింది.

బావ చెడ్డవాడు కాదు. కాకపోతే అతని చెవులకొక గుణం ఉంది. షాపులో దొరికే సలహా అయితేనే లోపలికి పోతుంది. మందు తెచ్చాడు, కొత్త జీను తెచ్చాడు. విశ్రాంతి ఎక్కడ దొరుకుతుందో తెలియక దాని బదులు ఈ రగ్గు తెప్పించాడు.

డాక్టరమ్మ రగ్గును తిరగేసి చూసింది. వెచ్చదనానికి కండరాలు కాస్త వదులైతే కావచ్చట. కొన్ని గుర్రాలు హాయిగానే కనబడతాయట. కీళ్ళవాతానికి పనిచేస్తుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదట. చెమట పట్టకుండా చూసుకోమంది, విశ్రాంతి మానిపించి దీన్ని వాడొద్దంది. ఇంత చెప్పినా బావ చెవిన పడింది "పనిచేస్తుంది" అన్న ఒక్క ముక్కే.

ఇక శాస్త్రీయ పరిశోధన మొదలైంది. పరిశీలకుణ్ణి నేనే! దొరసాని చెవులు ముందుకుంటే రెండు మార్కులు, పక్కకుంటే ఒకటి, నా మీద తుమ్మితే సున్నా. తొలిరోజే అది రగ్గును పళ్ళతో లాగి కింద పడేసి, దాని మీద నిలబడింది. నొప్పి కాళ్ళలో కాబట్టి వైద్యాన్ని కాళ్ళ దగ్గరికే తెప్పించుకుందని రాసుకుని, తెలివికి ఒక మార్కు కలిపాను. పోలిక కోసం పక్క కొట్టంలోని గోధుమరంగు గుర్రానికి అక్క ఇంట్లోని పాత దుప్పటి తెచ్చి కప్పింది. మూడోదానికి ఏమీ కప్పలేదు.

ఆ వారమే వాన పట్టుకుంది. స్వారీ మైదానం బురదగుంట అయిపోయింది. పదిహేను రోజులు ఒక్క పాఠమూ లేదు. గుర్రాలు తిన్నాయి, అక్క వెంట మెల్లగా నడిచాయి, కునుకు తీశాయి. పదహారో రోజుకు దొరసాని మోకాళ్ళ వాపు తీసింది. వీపు నిమిరితే కదలకుండా నిలబడింది.

బావ సంబరానికి పట్టపగ్గాల్లేవు. పాత దుప్పటి కప్పుకున్నదీ, ఏమీ కప్పుకోనిదీ కూడా హుషారుగానే ఉన్నాయని నేను మార్కులు చూపించాను. బావేమో, రగ్గు వెనక్కి పంపిన వేడి గోడ దాటి పక్క కొట్టాల్లోకి కూడా పోయి ఉంటుందన్నాడు. అంత పవర్ ఉన్న రగ్గును ఆపే గోడ ఉందా అసలు?

మైదానం ఆరింది. ఆదివారం ఒక కాంట్రాక్టరు వచ్చాడు. నిండైన మనిషి. ఆయన కూర్చునే ముందు కుర్చీలు కూడా ఊపిరి బిగబట్టుకుంటాయి. దొరసాని అయితేనే ఎక్కుతానన్నాడు. బాగైంది కదా అని బావ సరేనన్నాడు.

అక్క అంతకుముందు చాలాసార్లు అంది. దానికి వయసైపోయింది, అలిసిపోయింది, వదిలేద్దామని. అలసట ఎవరికి లేదని బావ జవాబు. ఈసారి ఆమె తిన్నగా కొట్టంలోకి పోయి, దొరసానికి రగ్గు కప్పి, మూడు పట్టీలూ బిగించి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బావ జీను భుజాన వేసుకుని వచ్చాడు. వెనకే కాంట్రాక్టరు.

"ట్రీట్‌మెంట్ జరుగుతోందండీ," అంది అక్క. "మధ్యలో తీస్తే వేడి చెదిరిపోతుందట."

కాంట్రాక్టరు ఠక్కున ఆగిపోయాడు. ముఖంలోకి ఆస్పత్రి వార్డులో ఉండే మర్యాద వచ్చేసింది. పాపం, ముందే తెలిస్తే వచ్చేవాణ్ణే కాదని గుసగుసగా అని, మునివేళ్ళ మీద వెనక్కి నడిచాడు. బావ జీనును వీపు వెనక దాచుకుని, ఎన్నాళ్ళని అడిగాడు.

"కోర్సు పూర్తయ్యేదాకా."

కోర్సు ఎన్నాళ్ళో అట్టపెట్టె మీద రాసి ఉండాలి. ఆ పెట్టెను అక్క అప్పటికే పొయ్యిలో పెట్టేసిందని నాకు తర్వాత తెలిసింది.

నాలుగు నెలలుగా కోర్సు నడుస్తూనే ఉంది. ఎండ పూట చెమట పడుతుందని అక్క రగ్గు తీసి కొట్టం తలుపు మీద వేస్తుంది. అది అక్కడ వేలాడుతున్నా చాలు, ఎవరూ జీను ముట్టుకోరు. ఒంటి మీద లేకపోయినా పనిచేసే మందు ఇంకేదైనా ఉందా!

కాబట్టి పాఠక మహాశయులారా, ఈ రగ్గులు మనుషుల సైజులో కూడా నేయించాలని కోరుతున్నాను. అలిసిపోయానని సెలవడిగితే మా మేనేజరు నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఎవరు అలిసిపోలేదంటాడు. పింగాణీ పొడి కప్పుకుని వెళ్తే తన కుర్చీ ఇచ్చి లేచి నిలబడడూ?

పోయిన వారం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో బావ టీ పెడుతున్నాడు. చక్కెర ఎక్కడుంటుందో తెలియక అన్ని డబ్బాల మూతలూ తీసి పెట్టాడు. అక్క వరండాలో పడక్కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉంది. మోకాళ్ళ మీద ఉతికిన రగ్గు. పగటిపూట మా అక్క కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదటిసారి. మోకాళ్ళ నొప్పులు పదేళ్ళుగా ఉన్నాయట. చెబుతూనే ఉందట.

బావ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఇంకెంతసేపు ఉంచుకోవాలని అడిగాడు.

అక్క కళ్ళు తెరవలేదు.

"ఇంకా వేడెక్కలేదండీ."