నాన్న ముఖంలో చీకటి సగం

ఆ ఉదయం కూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడియారాలు బాగుచేసే నాన్నను, ఆయనకు తెలియకుండా, పనిలో ఉండగా ఒక్క ఫొటో తీయాలి. కెమెరా కనబడితే చాలు, ఆయన ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మ అయిపోతాడు. ముప్ఫై ఏళ్లుగా ఇంట్లో ఉన్నవన్నీ ఆ కొయ్యబొమ్మ ఫొటోలే.

రీలులో మూడే ఫొటోలు మిగిలాయి. చిక్కల్లా వెలుతురుతో వచ్చింది. దుకాణానికి ఉన్నది ఒక్కటే కిటికీ. దాని పక్కన కూర్చున్న నాన్నకు ఒక చెంప ఎండకు తళతళలాడుతుంటే, రెండోది చీకట్లో కలిసిపోయింది. వెలుతురు కొలిచే మీటరును కిటికీకి తగ్గట్టు పెడితే నాన్న మసిబొగ్గు అవుతాడు, నాన్నకు తగ్గట్టు పెడితే కిటికీ తెల్లగా వెలిసిపోతుంది.

"చీకటి చెంప వైపు తెల్లదేదైనా కడితే, వెలుతురు దానికి తగిలి ముఖం మీదికి వస్తుందా అని చూస్తానమ్మా," అంది కూతురు గుసగుసగా.

"దుప్పటి కట్టు. మీ నాన్నకి నేను చెప్పుకుంటాలే," అంది తల్లి.

ఆ దుప్పటి ఎందుకని ఆయన అడగనే అడిగాడు. "గోడ పెచ్చులూడుతోందండీ. గడియారాల్లో సున్నం పడకుండా కట్టాం," అందావిడ.

ఆ మాట పక్కనున్న మందుల షాపావిడ చెవిన పడింది. ఆవిడ నోట అది బీట అయింది. వీధి చివరికి చేరేసరికి పైకప్పు ఈ పూటో రేపో అన్నట్టు తయారైంది. గంట తిరక్కుండా కిటికీ బయట జనం మూగారు. లోపలికి రావడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. చేతులు మాత్రం ఊచల్లోంచి లోపలికొచ్చాయి.

"మాస్టారూ, నా వాచీ ఇచ్చేయండి!"

"ముందు మీరు బయటికొచ్చేయండి!"

నాన్న కంగారుగా పైకి చూశాడు. బీరువా చాటున ఉన్న కూతురు ఉలిక్కిపడి కెమెరా మీట నొక్కింది. పైకప్పు ఫొటో వచ్చింది. రెండోదానికి తల్లి వీపు అడ్డొచ్చింది.

"గోడకేం కాలేదు! నేనే ఊరికే అన్నాను!" అని తల్లి మొత్తుకుంది.

"మనల్ని భయపెట్టకూడదని అలా అంటోంది, పాపం," అంది మందుల షాపావిడ.

ఇంతలో ఒక ముసలావిడ ఊచలు పట్టుకుని, "పోతే పోయింది కప్పు. అసలు నా వాచీకేమైందో చెప్పు నాయనా," అంది.

నాన్న కప్పును మరిచిపోయాడు. వాచీ వెనక మూత తీసి, "ఇదిగో పెద్దమ్మా, ఈ వెంట్రుకంత స్ప్రింగు చూడు. ఊపిరి తీసుకున్నట్టు కదలాలి ఇది," అంటూ ముందుకు వంగాడు.

అప్పుడు కూతురికి ఒక వింత కనిపించింది. కిటికీకి అడ్డంగా నిలబడ్డ జనం ఎండ చురుకును సగానికి తగ్గించేశారు. మిగిలిన వెలుతురు దుప్పటికి తగిలి, మెత్తగా నాన్న రెండో చెంపను తాకుతోంది. కళ్ల కింది ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. మీటరును ఎటు తిప్పినా ముల్లు దాదాపు ఒకేచోట నిలిచింది. మిగిలిన ఒక్క ఫొటో తీసేసింది.

వారం తర్వాత ఫొటో వచ్చింది. కెమెరాను పసిగట్టిన కిటికీ జనమంతా జుట్టు సర్దుకుని, ఊపిరి బిగబట్టి, వరసగా కొయ్యబొమ్మల్లా నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నాన్న ఒక్కడే, నోరు కొద్దిగా తెరిచి, లోకం మరిచి, ఆ స్ప్రింగును చూస్తున్నాడు. తల్లి కళ్లు తుడుచుకుంది.

నాన్న ఫొటోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు పరీక్షించాడు.

"అందరూ ఎంత చక్కగా పడ్డారమ్మా! నేనొక్కణ్ణే పాడుచేశాను."