సెనేటర్‌కు నచ్చని చక్రాలు

ఆ శుక్రవారం ఉదయం హార్లన్‌కు ఉన్న పని ఒక్కటే. ఊళ్లోకి వెళ్లి పికప్ ట్రక్కుకు కొత్త టైర్లు వేయించుకురావడం. మర్నాడు కౌంటీ పశువుల పోటీ. అతని భార్య వెల్మా సీసాతో పాలు పట్టి పెంచిన ఆంబోతు సెనేటర్‌ను ట్రైలర్‌లో తీసుకెళ్లి, పదింటికల్లా అక్కడి తూకం మీద నిలబెట్టాలి. పది దాటితే గేటు మూసేస్తారు. నిరుడు రెండో బహుమతితో సరిపెట్టుకున్న వెల్మాకు మొదటి బహుమతి నీలం రిబ్బను ఏడాదిగా కలలోకి వస్తోంది.

“బరువు లాగే టైర్లు, పది పొరలవి. నల్లటి ఇనప చక్రాలు. తళుకులు వద్దు. వింటున్నావా?” అంది వెల్మా.

“వింటున్నానే తల్లీ,” అన్నాడు హార్లన్. వినడం వరకూ నిజమే.

టైర్ల కొట్లో ఒక మూల నాలుగు చక్రాలు కనబడ్డాయి. కొత్తవి కావు గానీ, వాటిలో చూసుకుంటూ గడ్డం గీసుకోవచ్చు, అంత మెరుపు. తొడిగిన టైర్లేమో తొడ ఎత్తున ఉన్నాయి.

“ఇవి బరువు లాగుతాయా?”

“జనం చూపులు లాగుతాయి పెద్దాయనా. బరువు సంగతి మాత్రం నేను చెప్పలేను,” అన్నాడు కొట్టతను.

హార్లన్‌కు మొదటి మాటే వినపడింది. పాత చక్రాలు కొట్లోనే వదిలేసి, ఆ నాలుగూ వేయించుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరాడు.

తెల్లవారాక వెల్మా వాకిట్లోకి వచ్చి ట్రక్కును కింది నుంచి పైకి చూసింది. “దీన్లోకి ఎక్కాలంటే నిచ్చెన వెయ్యాలా?”

“ఎత్తుగా ఉంటే దారి బాగా కనబడుతుందే.”

దారి సంగతేమో గానీ, ట్రక్కుతోపాటు దాని వెనక కొక్కెం కూడా పైకి పోయింది. ట్రైలర్ తగిలిస్తే దాని మూతి ఆకాశం వైపు, తోక నేల వైపు. సెనేటర్ ఎక్కి, నాలుగు కాళ్లూ జారుకుంటూ పోయి వెనక తలుపు దగ్గర చతికిలబడింది. బండి కదలగానే ట్రైలర్ తోక కంకర దారిలో చక్కగా సాలు తీసింది.

“ఆపు! పోటీకి పోతున్నామా, దున్నడానికి పోతున్నామా?” అని వెల్మా అరిచింది.

కొక్కెం కిందికి బిగించాలంటే ఆంబోతును దించాలి. దించారు. హార్లన్ ట్రక్కు కింద దూరి బోల్టులు విప్పుతుండగా, సెనేటర్ వెల్మా చేతిలోని తాడు విదిలించుకుని పక్కకు నడిచింది. వెనక చక్రంలో ఇంకో ఆంబోతు కనబడింది. బలిసింది, కొమ్ములున్నది, పైగా తనకేసే గుడ్లురుముతోంది. సెనేటర్ కాలితో మట్టి చిమ్మింది. అదీ చిమ్మింది. ఇక మర్యాదకు చోటెక్కడ?

ట్రక్కు ఢామ్మని ఊగింది. హార్లన్ ప్రాణాలు అరచేత పట్టుకుని బయటికి పాకాడు. రెండో దెబ్బకు చక్రం సొట్టపోయింది. మూడో దెబ్బకు కొమ్ము టైర్లో దిగి గాలి బుస్సుమంది. ఒక శత్రువు పడ్డాడని సెనేటర్ ముందు చక్రం దగ్గరికి వెళ్లింది. అక్కడా ఒకడున్నాడు.

“నీ కోటివ్వు!” అంటూ వెల్మా, హార్లన్ పోటీ కోసం వేసుకున్న కొత్త కోటు లాగి ఆ చక్రం మీద కప్పింది. శత్రువు మాయమయ్యాడు. సెనేటర్ కోటును వాసన చూసి గడ్డి మేయసాగింది.

స్టెప్నీ పాతది, పొట్టిది. అది వేస్తే ట్రక్కు తాగినవాడిలా ఒరిగింది. వెల్మా మెట్ల మీద కూలబడి, “ఈ ఏడు కూడా పోయింది హార్లన్,” అంది. తిట్టి ఉంటే అతనికి అంత బాధ ఉండేది కాదు.

సిగ్గు చంపుకుని బావమరిది గ్లెన్‌కు ఫోన్ చేశాడు. మట్టి కొట్టుకుపోయిన ట్రక్కులో వచ్చిన గ్లెన్, సొట్ట చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు.

“బావా, ఇవెక్కడ కొన్నావు?”

“టైర్ల కొట్లో. ఏం?”

“పోయిన వారం అక్కడ అమ్మింది నేనే. నా ఆంబోతుకు ఇవి కనబడితే చాలు, కుమ్ముడే. ఇదిగో, ఈ గీత దాని కొమ్ముదే.”

“నాకొక్క మాట చెప్పొచ్చుగా!”

“నువ్వు కొంటావని నాకేం తెలుసు? తెలివైనవాడివని అక్క చెప్పేది.”

“నేనెప్పుడు చెప్పాన్రా?” అంది వెల్మా.

గ్లెన్ ట్రక్కువి నల్లటి ఇనప చక్రాలు, పది పొరల టైర్లు. ట్రైలర్ దానికి సమంగా కూర్చుంది. సెనేటర్ అత్తారింటికి వెళ్లే అల్లుడిలా ఎక్కింది. గేటు మూస్తుండగా తూకం మీద నిలబెట్టారు.

సాయంత్రం మిగతా ఆంబోతులు ఎండకు తలలు వేలాడేస్తే, పొద్దున్నే యుద్ధం గెలిచొచ్చిన సెనేటర్ మెడ నిక్కించి నిలబడింది. న్యాయనిర్ణేత చుట్టూ తిరిగి చూసి, నీలం రిబ్బను వెల్మా చేతికిచ్చాడు. ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

“ఏం మెడ, ఏం పొగరు! దీనికి ఏం పెట్టి పెంచారమ్మా?” అని అడిగాడాయన.

వెల్మా కళ్లు తుడుచుకుని, కోటు లేకుండా చేతులు కట్టుకు నిలబడ్డ మొగుడికేసి చూసింది.

“టైర్లు,” అంది.