పొగగొట్టంలో చక్కెర

ప్రపంచంలో ఇంతవరకూ ముగ్గురే గొప్ప అపరాధ పరిశోధకులు పుట్టారనీ, వారిలో ఇద్దరు పోయారనీ, మూడోవారు ప్రస్తుతం కువైట్‌లో, సబా అల్ సలేంలో, తలకి తుండుగుడ్డ చుట్టుకుని నా ఎదురుగా నిలబడ్డారనీ మా ఆయన ప్రకటించారు. ప్రకటన పూర్తికాకుండానే ఆయనకు దగ్గొచ్చింది. గదినిండా పొగ.

“పద్మా! ఈ గదిలో ఒక ఘోరం జరిగింది.”

“జరుగుతూనే ఉందండీ. ముందు ఆ కిటికీ తియ్యండి.”

మా ఆయన పేరు వెంకటసత్యనారాయణ. సిమెంటు కంపెనీలో టైపిస్టు. అబ్బాసియాలో ఉన్నప్పుడు ఒక గడ్డం మనిషిని అనుమానించి మూడు రోజులు వెంబడించారు. నాలుగో రోజున తెలిసింది, అతను కూడా ఈయన్ని అనుమానించి వెంబడిస్తున్నాడని. ఇద్దరూ కలిసి టీ తాగి విడిపోయారు. ఆ కేసును ఈయన గెలిచినట్టే డైరీలో రాసుకున్నారు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. మా కఫీల్, అంటే ఈయన యజమాని, పెళ్ళాంపిల్లలతో సరిహద్దు దాటిపోతూ తన విల్లా తాళాలు ఈయన చేతిలో పెట్టి, మమ్మల్ని అందులో ఉండమన్నాడు. మనుషులు లేని ఇల్లయితే సైనికులు ఊడ్చేస్తారని అతని భయం. అతని తల్లి మాత్రం ఇల్లు కదలనంది. ఎనభై ఏళ్ళ మనిషి, ఉబ్బసం. ఆవిణ్ణి చూసుకునే మద్దమ్మ కూడా ఉండిపోయింది. మద్దమ్మది కడప జిల్లా. ఇక్కడి పనివాళ్ళు ఇంటి యజమానురాలిని ‘మామా’, అంటే అమ్మ, అంటారు; ఈ పెద్దావిడ మద్దమ్మకు ‘మామా కబీరా’, పెద్దమ్మగారన్నమాట.

మనుషులున్నా సైనికులు రానే వచ్చారు. డిసెంబరు మొదట్లో హీటర్లూ, టీవీ, గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా పట్టుకుపోయారు. హీటర్లు మోసుకుపోతున్నవాళ్ళను మామా కబీరా ఏడు తరాలు దించి తిట్టింది. మధ్యమధ్య దగ్గు అడ్డం రావడంవల్ల వాళ్ళకు సగమే అర్థమై, నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది మగవాళ్ళు కూర్చునే పెద్ద హాల్లోని నిప్పుగూడు. గోడలో కట్టి, పైకి పొగగొట్టం పెట్టారు. షోకు కోసం కట్టించింది. పదేళ్ళుగా అందులో నిప్పు వెయ్యలేదు, ఇత్తడి కాఫీ కూజాలు వరసగా పెట్టేవారు. చలికి ముసలావిడ వేళ్ళు నీలంగా మారుతుంటే కూజాలు తీసి మంట వేశాం. పొగ పైకి పోకుండా మా మొహాలమీదకు వచ్చింది. నాలుగు రోజులుగా ఇదే తంతు. ముసలావిడకు దగ్గు ఆగదు, ముద్ద దిగదు.

“అక్కా, ఈ పొద్దు పొగ పోకపోతే నేను మామా కబీరాను అర్దియాకు పిల్సకపోతా. ఆమె చెల్లెలు ఉండాది ఆడ,” అంది మద్దమ్మ. ఒక బట్టల మూట కూడా కట్టేసింది.

“దారిలో ఐదు చెక్‌పోస్టులున్నాయి మద్దమ్మా!”

“తెల్సు. ఐదింటికాడా ఆమె తిడతాది. అదీ తెల్సు. అయితే ఈడ ఊపిరాడక సచ్చిపోతాది గదక్కా!”

 దగ్గు లేని క్షణంలో ఆ తిట్లు తుపాకీ పట్టుకున్నవాడికి పూర్తిగా అర్థమైతే ఏమవుతుందో ఊహించడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

నాకు తోచినవన్నీ చేశాను. మొదట కాల్చింది రంగు వేసిన బీరువా తలుపులు. రంగుచెక్క పొగ గొంతు కోసేస్తుందని మానిపించి, ఆపిల్ పండ్ల పెట్టెలు విరగ్గొట్టి, మేడమీద రెండు రోజులు ఎండబెట్టాను. పొగ కాస్త తెల్లబడింది, తగ్గలేదు. గొట్టం చల్లగా ఉంటే పొగ ఎక్కదేమోనని పాత పేపర్లు చుట్టి ముందుగా వెలిగించాను. పేపరు బూడిద నా నెత్తినే పడింది. గాలి ఆడాలని కిటికీ జానెడు తీశాను. చలి లోపలికి వచ్చింది గాని, పొగ బయటికి పోలేదు.

నేను మంట ముందు ఇలా తంటాలు పడుతుంటే ముసలావిడ చేతికర్ర ఎత్తి నిప్పుగూటి వైపు చూపిస్తూ అరిచింది.

“దుఖాన్! దుఖాన్! మసక్కర్... మసక్కర్!” అని, దగ్గులో కొట్టుకుపోయింది.

మా ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

“విన్నావా పద్మా?”

“విన్నాను. ఏమంటోందో మద్దమ్మను అడుగుదాం.”

“అనుమానితురాలిని దుబాసీగా పెట్టుకోవడం పరిశోధన శాస్త్రంలోనే లేదు.”

“మద్దమ్మ అనుమానితురాలెప్పుడైంది?”

“ఇప్పుడే. ఆవిడ ఏమంది? దుకాణ్! అంటే దుకాణం. తర్వాతేమంది? శక్కర్! అంటే హిందీలో పంచదార. ఊళ్ళో పంచదార దొరకదు. మన డబ్బా అడుగంటింది. ఈ ఇంట్లో ఎవరో పంచదార దొంగిలించి, దాచి, రహస్యంగా దుకాణం నడుపుతున్నారు. ఆ దుకాణం ఎక్కడ? కర్ర ఎటు చూపించింది? పొగగొట్టంలో! గొట్టానికి అడ్డంగా పంచదార బస్తాలు. అందుకే పొగ కిందికొస్తోంది. చిక్కుముడి మొత్తం వీడిపోయింది పద్మా, నేరస్థుడి చేతులకు సంకెళ్ళే తరువాయి.”

నాలుగు రోజులుగా తిండి తినని మనుషుల్లో ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలియదు. ఈయన తింటూనే ఉన్నారనుకోండి.

మద్దమ్మను పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చుట్టూ మూడుసార్లు తిరిగారు.

“మద్దమ్మా, ఒక్క ప్రశ్న. టీలో వేసుకునే తెల్లటి, తియ్యటి పదార్థాన్ని మీ ఊళ్ళో ఏమంటారు?”

“చక్కెర.”

“దొరికిపోయింది!” ఈయన గాల్లోకి ఎగిరినంత పని చేశారు. “మా కోనసీమలో పంచదార అంటాం. నువ్వు చక్కెర అంటున్నావు, పెద్దావిడ శక్కర్ అంటోంది. ఇద్దరి నోటా ఒకటే మాట! అంటే ఈ గుట్టు మీ ఇద్దరిదీ!”

“ఏంది సారూ, మా కడప జిల్లా అంతా చక్కెరే అంటాది. అందరినీ పట్టుకుంటారా?”

“అవసరమైతే!”

“మరి ఆ డబ్బా ఖాళీ జేసిందెవురు? పూటకి ఐదు టీలు, టీకి మూడు చెంచాలు. నేను గాదు, మామా కబీరా గాదు, అక్క గాదు.”

“పరిశోధకుడి మెదడుకి తీపి కావాలి. దాన్ని దొంగతనమనరు, ఖర్చంటారు. ఆయ్.”

మద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ వెనకే వెళ్ళాను.

“ఆయన మాటలు పట్టించుకోకు. నిజంగా పెద్దావిడ ఏమంటోంది?”

“దుఖాన్ అంటే పొగ గదక్కా. మసక్కర్ అంటే మూసుండాదని. ఏది మూసిందో సెప్పేలోపల దగ్గు పట్టుకుంటాది. నేను తలుపు తెరిస్తే తిడతాది, కిటికీ తెరిస్తే తిడతాది. ఇంగ తెరిసేదానికి ఏముండాది ఈ కొంపలో?”

తలుపు కాదు, కిటికీ కాదు. కర్ర నిప్పుగూటి వైపు చూపించింది. మూసి ఉన్నది ఆ గొట్టంలోనే అయితే? టార్చిలైటు తీసుకుని హాల్లోకి పరుగెత్తాను.

మా ఆయన అప్పటికే మంట ఆర్పేసి, బూడిద చల్లారబోసి, నడుం దాకా గొట్టంలో దూరి ఉన్నారు. బయటికి రెండు కాళ్ళు, లుంగీ అంచు మాత్రమే కనిపిస్తున్నాయి.

“ఏవండీ, బయటికి రండి! నేను చూస్తాను.”

“దగ్గరికి రాకు! సాక్ష్యాలు చెరిగిపోతాయి.” గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. “ఆధారం దొరికింది! ఇక్కడ ఇనుప కమ్మీ ఉంది. బస్తా దీనికే వేలాడదీశారు. లాగితే ఊడట్లేదు, లోపల కనీసం యాభై కిలోలుంటుంది!”

“లాగకండి, ముందు చూడనివ్వండి!”

ఆయన రెండు కాళ్ళూ నేలను వదిలేశాయి. మనిషి మొత్తం బరువుతో ఆ కమ్మీకి వేలాడారు. లోపల తుప్పు కిర్రుమంది. తర్వాత ఖణేల్‌మని ఏదో తెరుచుకుంది. తర్వాత పాత మసి, పదేళ్ళ ఇసుక, ఒక పావురాల గూడు ఒక్కసారిగా దిగాయి.

“బాబోయ్ పద్మా! లాగెయ్యవే నన్ను!”

చెరో కాలు పట్టుకుని నేనూ మద్దమ్మా లాగాం. వచ్చిన ఆకారాన్ని చూసి ముసలావిడ “ఇబ్లీస్!” అని కేక పెట్టి కర్ర విసిరింది. ఇబ్లీస్ అంటే దయ్యం. కర్ర గురి తప్పలేదు.

నేను వంగి గొట్టంలోకి టార్చి వేశాను. టార్చి అవసరమే లేదు. పైన గుండ్రంగా, నీలంగా, ఆకాశం కనిపించింది. గొట్టం గొంతు దగ్గర ఒక ఇనుప రేకు ఉంది. నిప్పు వాడనప్పుడు దుమ్మూ పావురాలూ దిగకుండా దాన్ని మూసేస్తారు. మసక్కర్ అయింది ఆ రేకు. ఆవిడ నాలుగు రోజులుగా చెబుతున్నది దాని గురించే.

మంట మళ్ళీ వేశాం. పొగ ఒక్క క్షణం తటపటాయించి, దారి తెలిసినట్టు తిన్నగా పైకి వెళ్ళిపోయింది. మద్దమ్మ వెళ్ళి మూట విప్పి, శాలువా తీసుకొచ్చి ముసలావిడ భుజాలమీద కప్పింది. అరగంటకు ఆవిడ వేళ్ళకు రంగు వచ్చింది. పలచగా వండిన పప్పన్నం కంచం నిండా తింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

“మఫ్తూహ్,” అంది తృప్తిగా, గొట్టం వైపు చూస్తూ.

“తెరుసుకుందంట,” అంది మద్దమ్మ.

ఆ మాట మా ఆయన వినలేదు. మసి కారుతున్న చెవుల్లో ఆయనకు వేరే మాట పడింది.

“ముఫ్త్! విన్నావా పద్మా? ఉచితమట! గొప్ప పనికి గొప్ప బహుమానం. దాచిన పంచదార ఊరికే ఇస్తానంటోంది!” అని వంటింట్లోకి పరుగెత్తి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద గిన్నె తెచ్చి, రెండు చేతులా పట్టుకుని, పెద్దావిడ ముందు వినయంగా మోకాళ్ళమీద కూర్చున్నారు.

ఆవిడ గిన్నెను చూసింది. నల్లటి మొహంలోంచి మెరుస్తున్న పళ్ళను చూసింది. ఇన్ని రోజులకు ఈ ఇంట్లో పద్ధతి తెలిసిన మనిషి ఒకడు దొరికాడన్నట్టు తల ఆడించి, అన్నం తిన్న చెయ్యి గిన్నెమీదకు చాపింది. మద్దమ్మ చెంబు వంచి నీళ్ళు పోసింది.