పళ్లపొడి పెట్టి తోమిన డిస్కు

మరిపెడ టైలర్ మొగిలి తన జన్మలో పళ్లపొడి పెట్టి తోమినవి రెండే. ఇత్తడి చెంబు బాగుపడింది. వీసీడీ పాడైంది. ఆ వీసీడీలో పోయిన కూతురు నీలి ఉంది.

తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు, డిస్కుల దుకాణం మాజిద్ తీసిన వీడియో అది. ఆ వానాకాలమే విషజ్వరం వచ్చి పిల్ల పోయింది. దినవారాలు కాగానే మొగిలి భార్యకు హుకుం జారీ చేశాడు.

"గా డిస్కు ముట్టకు సత్యమ్మా. చూసినకొద్ది ఏడుస్తవు, పానం ఖరాబైతది."

తాను మాత్రం ఆమె నీళ్లకు పోయినప్పుడల్లా తలుపేసుకుని చూశాడు. చూసీ చూసీ డిస్కుకు గీతలు పడ్డాయి. గీతలు పోవాలని పళ్లపొడితో తోమాడు. గీతలు ఉన్నాయి, బొమ్మే పోయింది.

ఇంకో కాపీ కోసం మాజిద్ దగ్గరికి పరుగెత్తాడు.

"గా టేపు చెరిపి ఎవరిదో పెండ్లి తీసిన అన్నా," అన్నాడు మాజిద్ తలొంచుకుని. "ఒక్క పని చెయ్యి. డీవీడీ ప్లేయర్ కొనుక్కపో. వీసీడీల జమానా అయిపోయింది, బొమ్మ గందుకే పోయిందని వదినెకు చెప్పు."

మొగిలికి ప్రాణం లేచొచ్చింది. డీవీడీ ప్లేయర్ కొనుక్కొచ్చి, ఇంట్లో రెండు ప్లేయర్లూ పక్కపక్కన పెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"గిది వీసీడీ." తెర మీద బొమ్మ గళ్ల లుంగీలా ఆగిపోయింది. "చూసినవా? దీని జాతే గంత. ఇగ గిది డీవీడీ." మాజిద్ ఇచ్చిన సముద్రపు చేపల డిస్కు పెట్టాడు. "పొలుసు పొలుసు కనవడ్తలేదా?"

"కనవడ్తంది. చేపను నేనేం చేసుకోను? పిల్లను చూపియ్యి."

"పిల్ల వీసీడీల ఉండె గద. దాని జమానా అయిపోయె..."

"జమానాకు పళ్లపొడి వాసనెందుకొస్తంది?"

మొగిలి చటుక్కున వీసీడీ ప్లేయర్ ఆపేశాడు.

సత్యమ్మ బియ్యం డబ్బాలోంచి ఇంకో డిస్కు తీసుకొచ్చింది. "టేపు చెరపకముందే మాజిద్‌తోని డీవీడీ చేయించిన. నడిపే మిషిను మనింట్ల లేకపాయె. తెమ్మని నీకు చెప్పింది మాజిద్. ఆయనకు చెప్పింది నేను."

తెర మీద నీలి గరిటె పట్టుకుని నవ్వింది. "మా బాపు వండిన కిచిడీ! తినేటోళ్లు జర దవాఖాన తొవ్వ ఎరుక పెట్టుకోండ్రి!"

వీసీడీలో ఆకుపచ్చ మరకలా ఉండే డ్రెస్సు ఇప్పుడు కుట్టు కుట్టూ కనబడింది. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. గిరాకీల బట్టల తొందరలో మొగిలే కుట్టి పడేసిన డ్రెస్సు అది. పిల్ల ఒక్క మాట అనలేదు. పొడుగు చేతిని లోపలికి మడిచి పిన్నీసు పెట్టుకుంది. ఆ పిన్నీసు కూడా కనబడుతోంది.

"ఆపు," అన్నాడు మొగిలి.

సత్యమ్మ రిమోట్ అందుకుంది.

"ఆపకు," అన్నాడు. గుండె పగిలేలా ఏడ్చాడు.

"పానం ఖరాబైతదంటివి?"

అతడు కుట్టుమిషను మీది గుడ్డ లాగి కళ్లూ ముక్కూ తుడుచుకున్నాడు.

"గది గిరాకీ గుడ్డ, వీరస్వామి పెండ్లి అంగీది," అంది సత్యమ్మ. అని, రెండో కొస తాను అందుకుంది.